నాగమణమ్మ టీచర్ ఆగిన చోట్లు

సాఫ్ట్‌వేర్ అనే మాట వింటేనే కొండల్‌కు నడుము నొప్పి మొదలవుతుంది. నేర్చుకోవడం చేతకాక కాదు, నేర్చుకుని నేర్చుకుని ప్రాణం విసిగిపోయింది. ఫలక్‌నుమా స్టేషన్‌కు పోయే దారిలో, పరుపుల దుకాణం పైన ‘స్రవ్య వీడియో మిక్సింగ్’ అని ఒక బోర్డు ఉంటుంది. ఆ బోర్డు మీది స్రవ్య కొండల్ కూతురు, ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. బోర్డు మాత్రం ఆమె ఉయ్యాల్లో ఉన్నప్పటిది. దాని వెనక గదిలో కూర్చుని పాతబస్తీ పెళ్ళిళ్ళను కోసి కుడుతున్న మనిషి కొండల్.

పదో తరగతి లెక్కల్లో తప్పాడు. మళ్ళీ రాయరా అన్నవాళ్ళున్నారు గానీ, పక్కన కూర్చుని చెప్పేంత తీరిక ఎవరికీ లేకపోయింది. మేనమామ వెంట లైటు మోస్తూ పెళ్ళిళ్ళకు పోవడం మొదలుపెట్టాడు. లైటు నుంచి కెమెరాకు, కెమెరా నుంచి మిక్సింగ్‌కు వచ్చాడు. మొదట్లో క్యాసెట్లు. పెళ్ళికూతురి మొహం తామరపువ్వులోంచి విచ్చుకుంటూ వచ్చేలా చేయడం ఆ రోజుల్లో గొప్ప విద్య. కంప్యూటర్ వచ్చాక ఆ విద్య మట్టిలో కలిసింది. కంప్యూటర్‌లో ఒకదానికి వేళ్ళు అలవాటు పడేసరికి దాన్ని తయారుచేసినవాళ్ళే ఆపేశారు. ఇంకోటి నేర్చుకున్నాడు. ఇప్పటికీ వాడుతున్నది ఆ ఇంకోటే. దానికీ వయసైపోయింది, తనకూ అయిపోయింది, ఇద్దరమూ కలిసే తప్పుకుందామని మనసులో ఒక ఒప్పందం చేసుకుని ఉన్నాడు.

పెళ్ళి వీడియో అంటే ఏమిటో బయటివాళ్ళకు తెలియదు. పెళ్ళిలో ముప్పావు వంతు ఎదురుచూపులే. పంతులు కోసం, పెళ్ళికొడుకు కోసం, అలిగిన బావమరిది కోసం, ముహూర్తం కోసం జనమంతా ఊరికే కూర్చుని ఉంటారు. కెమెరా మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ ఊరికే కూర్చోవడాన్ని తీసి పారేయడమే కొండల్ పని. మూడు కెమెరాలు తీసినదాన్ని ఒక వరసలోకి తేవడానికి అతనికి ఒక పద్ధతి ఉంది. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం మోగుతుంది కదా, అది అన్ని కెమెరాల్లోనూ వినిపిస్తుంది. ఆ డోలు మొదటి దెబ్బ దగ్గర మూడింటినీ కలిపి పెడితే చాలు, పెళ్ళంతా దానంతటదే సర్దుకుంటుంది. సాఫ్ట్‌వేర్లు ఎన్ని మారినా గట్టిమేళం మారలేదు. బతుకులో అదొక్కటే అతనికి ఊరట.

మాఘమాసం పెళ్ళిళ్ళు ఇంకా మొదలుకాని రోజుల్లో ఒక పొద్దున సీతారాం మెట్లెక్కి వచ్చాడు. లాల్‌దర్వాజా వైపు తాతల నాటి నుంచి పాడి చేసుకుంటున్న ఇల్లు వాళ్ళది. బర్రెలు ఎప్పుడో ఊరి బయటకు పోయాయి, ఇప్పుడు పాల దుకాణం మిగిలింది. ఆయన భార్య నాగమణమ్మ సర్కారు బడిలో లెక్కల టీచర్. సీతారాం కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“మా మేడమ్‌కు గొంతు ఆపరేషన్ చెప్పిన్రు కొండల్. గడ్డ అంట. గొంతుపెట్టె మొత్తం తీసేస్తరంట. ఇగ మాట రాదు.”

“అయ్యో... ఇంకో డాక్టర్‌కు చూపియ్యకపోయిన్రా అన్నా?”

“మస్తు మందికి చూపిచ్చిన. అందరిదీ గదే మాట.” ఆయన గోడకున్న పెళ్ళి ఫోటోలకేసి చూస్తూ చెప్పాడు. “ఆమెకు మాట పోతదని ఏడుపు లేదు. పదో తరగతోళ్ళకు లెక్కలు ఎవరు చెప్తరని ఫికర్. పాఠాలన్నీ వీడియో తీపిచ్చుకుంటదంట. బడిల పెద్ద టీవీ ఉన్నది, అండ్ల ఏస్తరంట. ఆపరేషన్ కంటే ముందుగాల్నే తీయాలె. అయినంక మల్ల తీసుడు ఉండదు.”

మర్నాడు నాగమణమ్మే వచ్చింది. గొంతు అప్పటికే గరగరమంటోంది. అయినా బడిలో మాట్లాడినట్టే మాట్లాడింది, ఎదుటివాడు వింటున్నాడో లేదో కళ్ళలోకి చూసి నిర్ధారించుకుంటూ.

“నాకు వెనక బెంచీ వాడు ముఖ్యం కొండల్. ముందు బెంచీ వాళ్ళు నేను లేకున్నా నేర్చుకుంటరు. త్రిభుజం గీస్తే గోడంత కనబడాలె వానికి. నా మొహం కనబడాలె, నేను రాసే చెయ్యి కనబడాలె. అయితదా?”

మొహానికి ఒక కెమెరా, నిలబడ్డ మనిషికి ఒకటి, కాగితం మీది చేతికి పైనుంచి ఒకటి. వెనక గోడంత బొమ్మ కావాలంటే గ్రీన్‌మ్యాట్ కట్టాలి, అంటే పచ్చ గుడ్డ ముందు నిలబెట్టి తీసి, తర్వాత కంప్యూటర్‌లో ఆ పచ్చను తీసేసి బొమ్మ పెట్టాలి. కొండల్ అయితదనే అన్నాడు. కాదని చెప్పే ధైర్యం ఎక్కడుంది? ఆమె మెట్లు దిగిపోయాక పాత సాఫ్ట్‌వేర్ తెరిచి, వెనకటి రిసెప్షన్‌లో తీసిన పచ్చ గుడ్డ ముక్క ఒకటి వేసి చూశాడు. ఒక్కో కెమెరాకు విడివిడిగా పచ్చ తీయమంది. తీస్తే జుట్టు చివర్లు మిణుకుమిణుకుమన్నాయి. మూడింటినీ కలిపితే కంప్యూటర్ బిగుసుకుపోయింది. కొండల్ కుర్చీలో వెనక్కి వాలి, ఇంత బతుకు బతికి మళ్ళీ ఒకటో తరగతా అనుకున్నాడు.

మలక్‌పేటలో అభిషేక్ అని కంప్యూటర్లు అమ్మేవాడున్నాడు. మాటకారి. స్కూటర్ వేసుకుని అతని దగ్గరకు పోతే ఒకటొకటిగా తెరిచి చూపించాడు.

“ఇది చూడు అన్నా, ఫ్రీ. పచ్చ మస్తు సాఫుగ తీస్తది. గని నీ కంప్యూటర్ల గ్రాఫిక్ కార్డు లేదు, ఓపెనే కాదు.”

“మరి దాన్ని ఎందుకు చూపెడుతున్నవ్ భాయ్?”

“తెలుస్తదని చూపెట్టిన. ఇదేమో పెద్ద కంపెనీలోళ్ళు వాడేది. నేర్చుకోనికి ఆర్నెల్లు వడతది. ఇగ ఇది... ఇది నీకు సెట్ అయితది. దీంట్ల ఏఐ ఉన్నది. మూడు కెమెరాల సౌండు అదే ఇని అదే కలుపుకుంటది. పచ్చ అదే తీస్తది. ఎప్పుడు ఏ కెమెరా పెట్టాల్నో అదే చూసుకుంటది. నడుమ నడుమ మాట లేని ఖాళీలుంటే అవి గూడ అదే కోసేస్తది. నువ్వు చేసేది ఏం లేదు అన్నా.”

నువ్వు చేసేది ఏం లేదు. పొద్దున జల్‌పల్లిలోని ఇంటి నుంచి దుమ్ములో వచ్చి, సాయంత్రం అదే దుమ్ములో తిరిగిపోయే మనిషికి అంతకంటే తియ్యటి మాట ఎవరు చెప్తారు? అభిషేక్‌కు తెలియని ఇంకో సుఖం కూడా అందులో ఉంది. గట్టిమేళం కూడా వెతుక్కోనక్కర్లేదు. కొండల్ దాన్నే తీసుకున్నాడు.

పచ్చ గుడ్డ కోసం మదీనా చౌరస్తా దగ్గరి బట్టల దుకాణానికి వెళ్ళాడు. గోడంత పొడవున ముదురు పచ్చ కావాలనేసరికి ముసలి దుకాణదారు “కౌన్సీ దర్గా కూ?” అని, ఏ దర్గాలో సమాధి మీద కప్పడానికో అడిగి, చేతులు కడుక్కుని వచ్చి మరీ కత్తెర అందుకున్నాడు. “దర్గా కూ నై చచా, బచ్చోంకూ హిసాబ్ పఢానే కూ” అని కొండల్ నిజం చెప్పాడు. పిల్లల లెక్కలకా అని ముసలాయన కాసేపు ఆలోచించి, “వో భీ నేక్ కామ్ హై” అని, అదీ పుణ్యకార్యమేనంటూ అంతే భక్తిగా కోసి మడతపెట్టి ఇచ్చాడు.

మొదటిరోజు నాగమణమ్మ చిలకపచ్చ చీర కట్టుకుని వచ్చింది. పచ్చ తీసేయగానే చీరా పోయింది. తలా చేతులూ గాల్లో తేలుతుంటే పొట్ట ఉండాల్సిన చోట త్రిభుజం కనబడింది. ఆపరేషన్ మాట విన్నప్పటి నుంచి నవ్వని సీతారాం గోడ పట్టుకుని నవ్వాడు. మర్నాటి నుంచి వక్కపొడి రంగు చీర, పచ్చ గాజుల బదులు ఎర్రవి. కొండల్ కొత్త సాఫ్ట్‌వేర్‌ను నమ్మినా పాత అలవాటు మానలేక, ప్రతి పాఠానికి ముందు ఆమెతో గట్టిగా ఒక చప్పట కొట్టించాడు.

“ఇదెందుకు?”

“పెండ్లిల అయితే గట్టిమేళం ఉంటది మేడమ్. లెక్కల్ల డోలు కొట్టేటోడు లేడు గదా.”

ఆమె నవ్వి, చప్పట కొట్టి, పాఠం మొదలుపెట్టేది. చెప్పేటప్పుడు ఒక సంగతి కొండల్ గమనించాడు. ప్రశ్న అడిగి ఆమె ఆగిపోయేది. కాసేపు ఏమీ అనేది కాదు. కళ్ళు కెమెరా ఎడమకు, కుడికి, దూరానికి తిరిగేవి. ఆ తర్వాత ఎప్పుడో జవాబు చెప్పేది. గొంతు సలుపుతోంది పాపం, పైకి చెప్పుకోదు అని కొండల్ గుండె కరిగిపోయింది. ఈ తడబాటు పిల్లలకు కనబడకుండా చూసుకోవాలని అప్పుడే గట్టిగా అనుకున్నాడు. కొండల్ మంచి మనిషి. మంచి మనుషులు చేసే తప్పులకు అడ్డం పడేవాళ్ళుండరు.

పాఠాలు అయిపోయాయి. ఆపరేషన్ అయింది. మాఘమాసం ముహూర్తాలు మీద పడ్డాయి. కెమెరాల్లోని కార్డులు పెళ్ళిళ్ళకు కావాలి కాబట్టి పాఠాలను కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని కార్డులు తుడిచేశాడు. పెళ్ళిళ్ళ నడుమ సందు చూసుకుని పాఠాలను కొత్త సాఫ్ట్‌వేర్ నోట్లో పెట్టాడు. అభిషేక్ చెప్పింది అబద్ధం కాదు. అన్నీ అదే చేసింది. పచ్చ చుక్క లేకుండా పోయింది, జుట్టు పోగులు కూడా చెక్కినట్టు వచ్చాయి. ఖాళీ ఒక్కటి లేదు. చివర్లో డిస్కు నిండిపోతోంది, వాడిన ముక్కలు ఉంచి మిగతావి తీసేయమంటావా అని అడిగింది. ఆ రోజు కొండల్ తెల్లవారుజాము పెళ్ళి నుంచి నేరుగా వచ్చి కూర్చున్నాడు. కళ్ళు మండుతున్నాయి. సరే అని నొక్కాడు.

నాగమణమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి కాస్త తేరుకున్నాక, ఒక మధ్యాహ్నం పాఠాలు పట్టుకుని పోయాడు. పాల దుకాణం పైనే ఇల్లు. ఆమె మెడకు తెల్లటి గుడ్డ కట్టి ఉంది. ఒళ్ళో పిల్లల పలక, సుద్దముక్క. మనిషి సగమైంది గానీ కళ్ళు అవే. సీతారాం టీవీకి పెన్‌డ్రైవ్ గుచ్చాడు. తెర మీద నాగమణమ్మ, వెనక గోడంత త్రిభుజం, గరగరమంటున్నా గట్టిగా గొంతు. పోయిన గొంతు గదిలో మళ్ళీ వినబడేసరికి సీతారాం కిటికీ వైపు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

“ఒక కోణం అరవై, ఇంకో కోణం యాభై. మూడోది ఎంత? డెబ్బై. ఎట్లొచ్చింది? మొత్తం నూట ఎనభై కదా.”

కొండల్ ఉండబట్టలేకపోయాడు. “ఒక్క గ్యాప్ లేదు మేడమ్. మీరు యాడ యాడ ఆగిన్రో అన్నీ తీసేసిన. చూసేటోళ్ళకు మీకు నొప్పి ఉండెనని గూడ తెల్వదు.”

ఆమె చెయ్యెత్తి టీవీ ఆపమంది. పలక మీద రాసి అతనివైపు తిప్పింది.

‘పిల్లలు చెప్పేదెప్పుడు?’

కొండల్‌కు మొదట అర్థం కాలేదు. ఆమె చెరిపి మళ్ళీ రాసింది. ‘నొప్పికి ఆగలేదు. వాళ్ళ కోసం ఆగిన.’

అప్పుడు తెలిసింది. ఆ కళ్ళు ఎడమకూ కుడికీ దూరానికీ ఎందుకు తిరిగాయో, అక్కడ ఎవరున్నారో. ఆమె బెంచీలన్నీ చూసుకుంటూ, చివరి బెంచీ వాడు వేళ్ళు లెక్కపెట్టుకోవడం అయ్యేదాకా ఆగింది. తను పెళ్ళిలో అలిగిన బావమరిదిని కోసినట్టు ఆ పిల్లలందరినీ కోసి పారేశాడు.

“గవి మల్ల పెట్టు కొండల్,” అన్నాడు సీతారాం, చిన్న పనే అనుకుని.

“లేవన్నా.” కొండల్ నేల చూపులు చూశాడు. “కార్డులు తుడిచేసిన. కంప్యూటర్ల గూడ... మిగిలిన ముక్కలు తీసెయ్యనా అంటే ఊ అన్న. నేనే అన్న.”

సీతారాం మొహం నల్లబడింది. “ఏందయ్యా గిట్ల చేస్తివి! గొంతు చీరుకుపోతున్నా నిలబడి చెప్పింది గదా ఆమె. ఇప్పుడు ఎవలను నిలబెడ్తవు?”

నాగమణమ్మ భర్త చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది. పలక మీది అక్షరాలు అరచేత్తో తుడిచేసి, ఏమీ రాయకుండా పక్కన పెట్టింది. ఏదో ఒక తిట్టు రాసి చూపించినా కొండల్‌కు హాయిగా ఉండేది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే జల్‌పల్లి ఇంటి గడపలో చెప్పులు వేసుకోకుండా కూర్చున్నాడు. పక్క ప్లాటులో పునాదులు తవ్వుతున్న చప్పుడు. భార్య రాజమణి చాయ్ తెచ్చి ఇచ్చి, పోకుండా నిలబడింది.

“తుడిచేసిన అని చెప్పినవా ఆమెకు?”

“చెప్పిన.”

“ఏమన్నది?”

“ఏమంటది, మాట రాదు గదా. పలక గూడ పక్కకు పెట్టింది.” చాయ్ గ్లాసు చేతిలోనే ఉంది. “నేను మంచే అనుకున్న రాజమణీ. ఇగ నాతోని కాదు. బోర్డు దించేస్త. ఎవలకన్న అమ్మేస్త ఆ డబ్బాను.”

“దించుదువు గని, ఇయ్యాల దుకాణం తెరువు. తాళంచెయ్యి నీ దగ్గరనే ఉన్నది,” అని ఆమె లోపలికి పోయింది. రాజమణి ఓదార్పు ఎప్పుడూ అలాగే ఉంటుంది.

దుకాణం చేరేసరికి మెట్ల మీద నాగమణమ్మ కూర్చుని ఉంది. పక్కన సీతారాం, చేతిలో పాల క్యాన్ బదులు సంచి. ఆమె కట్టుకున్నది వక్కపొడి రంగు చీర. చేతులకు ఎర్ర గాజులు. మెడ చుట్టూ కొంగు కప్పుకుంది. కొండల్‌ను చూడగానే పలక ఎత్తింది. అక్షరాలు ఇంటి దగ్గరే రాసుకుని వచ్చినట్టున్నాయి.

‘ఆగడం వస్తుంది కదా నాకు.’

కొండల్ తాళం తీశాడు. చదివిన మాట లోపలికి దిగడానికి అంతసేపు పట్టింది. పోయినవి ఆమె మాటలు కావు. మాటలన్నీ ఉన్నాయి. పోయింది మౌనం. అది ఆమె దగ్గర ఇంకా ఉంది.

పచ్చ గుడ్డ మళ్ళీ కట్టాడు. వెనక గుడ్డే కాబట్టి ఏ రోజు తీసినా ఒక్కటే, బొమ్మ అదే వస్తుంది. ఆ మేలు ఒక్కటి గ్రీన్‌మ్యాట్ చేసింది. మూడు కెమెరాలూ పెట్టాడు. కొంగు పాఠాల్లో ఒకలా, ఇప్పుడు ఒకలా ఉంటుందే అని సీతారాం గునిసాడు. ఆమె ‘పిల్లలకు తెలుసు’ అని రాసి పలక దాచేసింది. కొత్త సాఫ్ట్‌వేర్‌ను కొండల్ తెరవలేదు. మాట లేని వీడియో దానికిస్తే మొత్తం ఖాళీ అని కోసి పారేస్తుంది, దాని బుద్ధి తెలిసిపోయింది. పాతదాన్నే తెరిచాడు. కంప్యూటర్ బిగుసుకుపోకుండా చిన్న చిన్న ముక్కలుగా, ఒక్కో కెమెరాకు విడివిడిగా పచ్చ తీయాలి, ప్రతి ప్రశ్న దగ్గరా చేత్తో కోసి, చేత్తో ఆమె ఆగుడు అతికించాలి. తలుచుకుంటేనే నడుము లాగింది. లాగనీ అనుకున్నాడు.

“చప్పట కొట్టుర్రి మేడమ్.”

ఆమె కొట్టింది. ముందు కొట్టినట్టే, అంతే గట్టిగా. గదిలో ఆమె నుంచి వచ్చిన చప్పుడు అదొక్కటే.

పద్ధతి ఇలా కుదుర్చుకున్నారు. కొండల్ పాఠంలోని ప్రశ్న స్పీకర్లో వినిపించి ఆపుతాడు. ఆమె తన ప్రశ్న తానే విని, ఎంతసేపు ఆగాలో అంతసేపు ఆగుతుంది. చాలనుకున్నప్పుడు తల ఊపుతుంది. అప్పుడు తర్వాతి ప్రశ్న. కళ్ళు ఎడమ బెంచీకి, కుడి బెంచీకి, చివరకు గది దాటి ఎక్కడికో పోయేవి. మొదట్లో కొండల్ ఆ మొహం చూడలేకపోయాడు. తన గొంతు తానే వింటున్న మొహం అది. పోనుపోను పనిలో పడ్డాడు.

“రెండు భుజాలు సమానం,” అంది స్పీకర్లోంచి గరగర గొంతు. “పై కోణం నలభై. కింద కోణాలు ఒక్కోటి ఎంత?”

కొండల్ ఆపాడు. ఆమె ఆగింది. ఎడమ, కుడి, దూరం. తల ఊపలేదు. ఆ కళ్ళు తిరిగి తిరిగి కెమెరా వెనకకు వచ్చి, అతని మీద నిలబడ్డాయి. కొండల్ అటూ ఇటూ చూశాడు. సీతారాం మెట్ల దగ్గర కునుకు తీస్తున్నాడు. గదిలో ఇంకెవరూ లేరు.

“నూట నలభై?” అన్నాడు.

ఆమె తల ఊపలేదు. కాదని తల అడ్డంగానూ తిప్పలేదు. చికాకు లేదు, తొందర లేదు. అలాగే చూస్తూ నిలబడింది. కొండల్‌కు చెవులు వేడెక్కాయి. వెనకటి బడి, బెత్తం, కూర్చోరా అన్న కేక, పక్కవాడి నవ్వు అన్నీ గుర్తొచ్చాయి. ఎవరో ఒకరు జవాబు చెప్పేసేవాళ్ళు, పాఠం ముందుకు పోయేది. ఇక్కడ ఎవరూ చెప్పడం లేదు. మూడు కెమెరాల ఎర్ర దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. వేళ్ళు ముడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. నూట ఎనభైలోంచి నలభై పోతే నూట నలభై. అది రెండింటికీ కలిపి. రెండూ సమానం.

“డెబ్బై... ఒక్కోటి డెబ్బై, మేడమ్.”

నాగమణమ్మ తల ఊపింది.

కొండల్ కెమెరాలు ఆపడం మరిచిపోయి కాసేపు అట్లాగే నిలబడ్డాడు. తర్వాత కూర్చుని ఆ పాఠం కలిపేటప్పుడు తన గొంతు మాత్రం తీసేశాడు. పాఠాలన్నింటిలోకీ పొడుగైన ఆగుడు అదే. దాన్ని ఒక్క ముక్క కూడా తగ్గించలేదు, వెనక బెంచీలో ఎవరుంటారో తెలియదు కదా.